గ్యాస్ట్రిక్ బైపాస్ అయినంక ఇంటికాడ ఏమేం చూసుకోవాలె? ఎన్నిసార్లు దవాఖానకు పోవాలె?

ప్రశ్న: నర్సంపేట మరిది

మా వదినకు 36 ఏండ్లు. హైదరాబాద్‌ల గ్యాస్ట్రిక్ బైపాస్ చేసిన్రు, అంటే బరువు తగ్గనీకి కడుపును చిన్న సంచి లెక్క చేసి కింది పేగుకు కలిపే ఆపరేషన్. కాగితంల రూ-ఎన్-వై అని రాసి ఉన్నది. ఆపరేషన్ ముందు బరువు 112 కిలోలు. షుగర్‌కు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన గోలీ, బీపీకి టెల్మిసార్టాన్ హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన గోలీ, థైరాయిడ్‌కు 75 ది వాడేది. ఎల్లుండి డిశ్చార్జి. వారం తర్వాత ఒకసారి రమ్మన్నరు, అటెంకల ఏమన్న ఉంటే ఫోన్ చెయ్యుమన్నరు.

మేముండేది నర్సంపేట పక్కన ఊర్లె. ప్రతిదానికి హైదరాబాద్ ఉరుకుడు మాతోని కాదు. ఏ చెకప్‌కు తప్పకుండ అక్కడికే పోవాలె, ఏది వరంగల్‌ల చేయించుకోవచ్చు? తిండి ఎట్ల పెట్టాలె? రాత్రిపూట ఏమన్న అయితే ఏది మామూలు, ఏది ప్రమాదం? గోలీలు ఎన్నేండ్లు మింగాలె? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.


జవాబు: సర్జరీ వార్డు సిస్టర్, హన్మకొండ

డిశ్చార్జికి ఇంకా టైం ఉంది కాబట్టి ముందు కాగితాల పని చెప్తాను తమ్ముడూ. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. ఆపరేషన్ నోట్స్ కాపీ అడిగి తీసుకోండి. పేగును ఎన్ని సెంటీమీటర్ల దగ్గర కలిపారు, కలిపినప్పుడు పేగుల మధ్య మిగిలే సందులను కుట్టి మూశారా లేదా, పిత్తాశయం ఉంచారా తీసేశారా అన్నవి అందులో ఉంటాయి. మూడేళ్ల తర్వాత ఎప్పుడో కడుపునొప్పితో వరంగల్ ఎంజీఎం దవాఖానకు పోతే అక్కడి డ్యూటీ డాక్టరు మొదట అడిగేవి ఇవే. అన్నీ ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. సర్జన్ టీమ్‌లో రాత్రిపూట ఫోన్ ఎత్తే నంబరు ఏదో కూడా ఇప్పుడే రాయించుకోండి. రిసెప్షన్ నంబరుతో అర్ధరాత్రి పని జరగదు.

రివ్యూలు మామూలుగా ఆపరేషన్ అయిన వారం పది రోజులకు, నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఉంటాయి. ఆ పైన ఏడాదికోసారి, జీవితాంతం. మొదటి రెండు సర్జన్ దగ్గరే జరగాలి. కుట్లు చూసి, కడుపు నొక్కి చూసి, రోజుకు నీళ్లు ఎంత దిగుతున్నాయో కనుక్కుని, తిండిని తర్వాతి దశకు మార్చేది అప్పుడే. మూడో నెల నుంచి రక్తపరీక్షలు వరంగల్‌లో చేయించి రిపోర్టులు పంపి ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు. ఏడాది చెకప్‌కు మాత్రం మనిషిని తీసుకుపోండి. చాలామంది రెండో ఏడాది నుంచి పోవడం మానేస్తారు, బరువు తగ్గింది, షుగర్ తగ్గింది, ఇంకెందుకని. లోపాలు బయటపడేది సరిగ్గా అప్పటినుంచే.

ఇక ప్రమాదాల సంగతి. ఇంటికి వచ్చాక మొదటి రెండు వారాలు అన్నిటికంటే ముందు చూడాల్సింది నాడి. కుట్ల దగ్గర లీకేజీ అయితే లావు మనుషుల్లో పొట్ట గట్టిపడటం, నొక్కితే నొప్పి రావడం లాంటివి తొందరగా తెలియవు. నాడి వేగమే ముందు చెబుతుంది. పొద్దున, సాయంత్రం పది నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి నిమిషం మొత్తం లెక్కపెట్టండి, లేదా వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో నాడి అంకె చూడండి. 100 దాటి అలాగే ఉంటే సర్జన్‌కు ఫోన్. 120 దాటితే ఫోన్ చేస్తూనే బయల్దేరాలి. అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి బీపీ గోలీలు వాడేవాళ్లలో నాడి పెరగకుండా ఆ మందే ఆపుతుంది, వాళ్లు నాడి బాగుందని ధీమాగా ఉండకూడదు. మీ వదినకు అవి లేవు కాబట్టి నాడిని నమ్మొచ్చు.

101 దాటిన జ్వరం, రోజురోజుకూ పెరిగే కడుపునొప్పి, ఎడమ భుజంలో తగ్గకుండా పెరిగే నొప్పి, ఆయాసం, నెత్తుటి వాంతి, తారులాగ జిగటగా వాసనతో నల్లటి విరేచనం, ఒక్క కాలి పిక్కే వాచి నొప్పి పెట్టడం: వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఐరన్ గోలీ వేసుకుంటే కూడా విరేచనం నల్లగానే వస్తుంది, కానీ గట్టిగా ఉంటుంది, జిగట ఉండదు. నడుము పట్టేసినట్టు ఉండటం, కుట్ల దగ్గర చురుక్కుమనడం, నీరసం, మొదటి రోజుల్లో గ్యాస్ వల్ల భుజాలు లాగడం మామూలే, అవి రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంటాయి.

వచ్చేటప్పుడు కారులో మూడు గంటలు కదలకుండా కూర్చోబెట్టొద్దు. భువనగిరి దగ్గర ఒకసారి, జనగామ దగ్గర ఒకసారి దింపి ఐదు నిమిషాలు నడిపించండి. కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవడం ఈ ఆపరేషన్ తర్వాత ప్రాణం మీదికి తెచ్చే వాటిలో ఒకటి. రక్తం గడ్డకట్టకుండా ఎనాక్సపారిన్ సూదులు రాసిచ్చి ఉంటే అన్ని రోజులూ వేయాలి. పొట్ట చర్మం మడతపట్టి, బొడ్డుకూ కుట్లకూ దూరంగా వేసి, తర్వాత రుద్దకుండా వదిలేయాలి. ఇంట్లో రోజూ నాలుగైదుసార్లు పది నిమిషాల చొప్పున నడక. నాలుగు నుంచి ఆరు వారాలు 5 కిలోలకు మించి ఎత్తొద్దు, అంటే నీళ్ల బిందె, సిలిండర్, చంటిపిల్లను ఎత్తుకోవడం అన్నీ బంద్.


జవాబు: పోషకాహారం, కాజీపేట

తిండి దశలు దవాఖాన వాళ్లిచ్చిన కాగితంలో ఎలా ఉంటే అలాగే పాటించండి, ఒక్కో సర్జన్ పద్ధతి కొంచెం తేడాగా ఉంటుంది. మొత్తం మీద రెండు వారాలు పలుచటి ద్రవాలు, మూడు నాలుగు వారాల్లో మెత్తగా రుబ్బినవి, ఐదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా మెత్తటి ముద్దలు, ఆ తర్వాత మామూలు తిండి చిన్న మోతాదులో.

బైపాస్‌లో మిగిల్చే చిన్న సంచిలో మొదట పట్టేది దాదాపు 30 మి.లీ. అంటే రెండు పెద్ద చెంచాలు. అందుకే మొదటి వారాల్లో గ్లాసుతో కాదు, మందుల మూతతో కొలిచి పది పదిహేను నిమిషాలకోసారి తాగించండి. వడగట్టిన పప్పుకట్టు, నీళ్ల సల్ల, వెన్న తీసిన పాలు, చికెన్ ఉడికించి వడకట్టిన నీళ్లు, వీటిమీద నడపొచ్చు. పాలు పడక కడుపు ఉబ్బితే సల్లకు మారండి. రోజు మొత్తం మీద లీటరున్నర నుంచి రెండు లీటర్లు దిగాలి. మొదటి వారంలో ఒక లీటరు దిగడమే కష్టం, కానీ రోజూ కొంచెం పెరుగుతుండాలి. ఈ ఆపరేషన్ తర్వాత మళ్లీ దవాఖానలో పడేవాళ్లలో చాలామంది ఒంట్లో నీళ్లు లేక పడేవాళ్లే. మూత్రం చిక్కటి పసుపు అయిందంటే, నిలబడగానే కళ్లు తిరిగాయంటే నీళ్లు చాలట్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 42, 43 డిగ్రీల ఎండ. బైపాస్ అయినవాళ్లకు మూత్రపిండాల్లో రాళ్లు పడే అవకాశం ఎలాగూ ఎక్కువ, ఎండాకాలం సీసా చేతిలో లేకుండా గడప దాటొద్దు.

ఇంట్లో పెద్దలు నీరసంగా ఉందని అంబలి, గంజి, జావ పోస్తారు. ప్రేమతోనే పోస్తారు, కానీ ఆ చిన్న సంచి నిండిపోతుంది, అందులో ఉండేదంతా పిండి పదార్థం. ఈమెకు కావాల్సింది ప్రొటీన్, రోజుకు కనీసం 60 గ్రాములు, వీలైతే 80. అది అందకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. లెక్క చూడండి: ఉడికిన గుడ్డు 6 గ్రాములు, 100 గ్రాముల చేప 20, ఒక గ్లాసు పాలు 6, గట్టి పెసరపప్పు చిన్న గిన్నె 7, 50 గ్రాముల పనీర్ 9. ఇవన్నీ తిన్నా 48 దగ్గరే ఆగుతుంది, మొదటి రెండు నెలల్లో ఇవన్నీ తినడం ఎలాగూ కుదరదు. కాబట్టి పౌడర్ తప్పదు. షాపులో ఏ డబ్బా ఇస్తే అది తేవొద్దు. వెనకవైపు చదివి, ఒక స్కూపుకు 20 గ్రాములకు పైగా ప్రొటీన్, 5 గ్రాముల లోపు చక్కెర ఉన్నది తీసుకోండి. బలానికని అమ్మే చాలా డబ్బాల్లో ప్రొటీన్ ఇందులో సగం కూడా ఉండదు, చక్కెరే ఎక్కువ.

మెత్తటి దశలో కొర్రమట్ట మంచిది, ముళ్లు తక్కువ, చేత్తో మెదిపితే విడిపోతుంది. ఖీమా మెత్తగా ఉడికించి మిక్సీ పట్టండి. మటన్ ముక్క మూడు నెలల దాకా వద్దు. ముద్ద వేలి గోరంత ఉండాలి, ఇరవైసార్లు నమలాలి, పావు గిన్నె తినడానికి ఇరవై నిమిషాలు పట్టాలి. ముందు గుడ్డో చేపో పప్పో, తర్వాత కూర, చోటు మిగిలితే రెండు ముద్దల బువ్వ. ఎక్కిళ్లు, ముక్కు కారడం, నోట్లో నీళ్లూరడం, ఎదలో బిగుసుకున్నట్టు ఉండటం నిండిందనడానికి గుర్తులు. ఆ తర్వాత ఒక్క ముద్ద ఎక్కువైనా వాంతే. తినేటప్పుడు నీళ్లు వద్దు, తిన్న అరగంట తర్వాత తాగాలి. అన్నం, వేడి వేడి చపాతీ, బ్రెడ్డు ముద్దకట్టి అడ్డం పడతాయి. జొన్నరొట్టెను పప్పులో నానబెట్టి తింటే కొంతమందికి పడుతుంది, కానీ రెండు నెలల తర్వాతే.

సకినాలు, బియ్యప్పిండి గారెలు, మురుకులు, మిక్చరు సంగతి వేరు. ఇవి అడ్డం పడవు, నోట్లోనే పొడి అయి జారిపోతాయి, నిండినట్టే అనిపించదు. రెండో ఏడాది బరువు తిరిగి పెరిగేది ఎక్కువగా వీటివల్లే.

తీపి గురించి గట్టిగా చెప్పాలి. బైపాస్ అయినవాళ్లకు చక్కెర, బెల్లం నేరుగా చిన్నపేగులోకి దిగుతాయి. పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనం. దీన్నే డంపింగ్ అంటారు. పక్కమీద పడుకుంటే అరగంటలో, గంటలో తగ్గుతుంది. ఇంకో రకం తిన్న గంట నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది. అది షుగర్ పడిపోవడం: చేతులు వణకడం, ఆకలి, మతి తప్పినట్టు అవడం. గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజు కొంచెం నీళ్లలో ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చూసి, ఏదైనా ప్రొటీన్ పెట్టండి. మతి లేకుండా పడి ఉంటే నోట్లో ఏమీ పోయకుండా దవాఖానకు తీసుకుపోవాలి. మేడారం బంగారం, అంటే జాతర బెల్లం, ప్రసాదంగా చిటికెడు నాలుక మీద వేసుకుంటే ఏమీ కాదు, ముద్ద తింటే అవుతుంది. బతుకమ్మ మలీద, చెరకు రసం, కూల్ డ్రింకులు కూడా అంతే.


నర్సంపేట మరిది

మస్తు ఉపకారం. ఇంకో రెండు మూడు అడుగుతా. మా ఊర్లె ఏమైనా ముందు ఆర్‌ఎంపీ దగ్గరికే పోతరు. వాంతులైతే గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తడు, మోకాళ్ల నొప్పులకు సూది వేస్తడు. వదినకు మోకాళ్ల నొప్పులు ఉన్నయి. ఇవి చేయించొచ్చునా? ఇంకోటి, షుగర్ గోలీలు బంద్ చెయ్యుమని కొందరు, చెయ్యొద్దని కొందరు అంటున్నరు.


జవాబు: జనరల్ ఫిజీషియన్, వరంగల్

ఆర్‌ఎంపీ గారితో మీరు ఇప్పుడే, ఆమె బాగున్నప్పుడే మాట్లాడి పెట్టండి. ఈ రెండు విషయాలూ ప్రాణానికి సంబంధించినవి.

మొదటిది గ్లూకోజు. ఒంట్లో బి1 విటమిన్ నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. తిండి తక్కువ, పైగా వాంతులు, అంటే బి1 అయిపోతుంది. ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే, ఆ గ్లూకోజును వాడుకోవడానికి శరీరం మిగిలిన కాస్త బి1నీ ఖర్చు చేసేస్తుంది. మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనపడటం, కనుగుడ్లు అదరడం, నడకలో తూలడం, మాట తడబడటం, అరికాళ్లు మొద్దుబారడం దీని లక్షణాలు. ఇంట్లోవాళ్లు నీరసం అనుకుంటారు. ఆలస్యమైతే మతిమరుపు శాశ్వతంగా ఉండిపోవచ్చు. కాబట్టి వాంతులైతే ఎక్కించాల్సింది ముందు బి1 ఇంజెక్షన్, కనీసం 100 మి.గ్రా., ఆ తర్వాత సెలైన్ లేదా రింగర్ లాక్టేట్. గ్లూకోజు అవసరమైతే బి1 తర్వాతే. పైన చెప్పిన లక్షణాల్లో ఒక్కటి కనిపించినా 200 నుంచి 500 మి.గ్రా. మోతాదులు రోజూ నరానికి ఇవ్వాల్సి వస్తుంది, అది పెద్ద దవాఖానలోనే జరగాలి. రక్తపరీక్ష రిపోర్టు కోసం ఆగకూడదు.

ఒకసారి ఎక్కువ తిని కక్కుకోవడం వేరు. రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నెల నుంచి రెండు నెలల మధ్యలో మొదట ముద్దలు, తర్వాత మెత్తటివి, చివరికి నీళ్లు కూడా పోకుండా క్రమంగా ముదిరితే, సంచినీ పేగునూ కలిపిన చోటు సన్నబడిందని అనుమానించాలి. ఎండోస్కోపీలో బెలూన్‌తో వెడల్పు చేస్తారు, మళ్లీ కోయాల్సిన అవసరం చాలావరకు ఉండదు.

రెండోది నొప్పి సూది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఈమెకు జీవితాంతం వద్దు. కలిపిన చోట పుండు పడి, రక్తం కారడం, చిల్లు పడటం దాకా పోతుంది. సూదిగా వేస్తే కడుపుకు ఏమీ కాదనుకోవడం తప్పు, మందు రక్తంలో కలిసి పనిచేసేదే, ఏ దారిన పోయినా పుండు పడుతుంది. పారాసిటమాల్ 500 లేదా 650 వాడండి. మందుల షాపులో ‘పారాసిటమాల్‌దే’ అని ఇచ్చే చాలా గోలీల్లో ఎసిక్లోఫెనాక్ కలిసి ఉంటుంది, స్ట్రిప్ వెనక పేరు చదివించాలి. ఇంట్లో ఎవరైనా బీడీ తాగేవాళ్లుంటే ఆమె దగ్గర తాగొద్దు. ఆమెకు జర్దా, గుట్కా అలవాటుంటే ఆపాలి. పొగాకు కూడా అదే పుండుకు కారణం.

షుగర్ గోలీ విషయంలో ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. గ్లిమెపిరైడ్ తినకపోయినా షుగర్‌ను కిందికి లాగుతుంది, అందుకని మామూలుగా ఆపరేషన్ రోజు నుంచే ఆపేస్తారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే కొనసాగించవచ్చు. ఇంట్లో ఉన్న పాత గోలీలో రెండూ కలిసి ఉన్నాయి, కాబట్టి ఆ పాత స్ట్రిప్ పక్కన పడేసి, డిశ్చార్జిలో కొత్తగా ఏం రాశారో అదే వాడండి. మొదటి నెల రోజూ పరగడుపున, తిన్న రెండు గంటలకు షుగర్ చూసి పుస్తకంలో రాయండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఎవరైనా వాడుతుంటే తిండి లేని రోజుల్లో అవి ప్రమాదం, షుగర్ మామూలుగా ఉండగానే రక్తం ఆమ్లంగా మారుతుంది. షుగర్ మందులన్నీ ఆగినా మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్ష మానొద్దు. కొన్నేళ్ల తర్వాత షుగర్ తిరిగి రావొచ్చు.

బీపీ గోలీలోని హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రం ఎక్కువ పోయించే మందు. నీళ్లే సరిగా దిగని మనిషికి అది కలిసిన గోలీ ఇస్తే కళ్లు తిరిగి పడిపోతుంది, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ పెరుగుతుంది. ఈ ఒక్క విషయం డిశ్చార్జికి ముందు డాక్టర్‌ను సూటిగా అడగండి. థైరాయిడ్ మోతాదు బరువుతో పాటు మారుతుంది, రెండు మూడు నెలలకు టీఎస్‌హెచ్ చూడాలి. ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని ఉన్న, మెల్లగా కరిగే గోలీలను నలగ్గొట్టి ఇవ్వొద్దు, మామూలు గోలీగా మార్పించుకోండి.


జవాబు: మందుల షాపు, ములుగు రోడ్డు

విటమిన్ల గురించి అడిగారు కదా, ఎన్నేండ్లంటే బతికినన్నాళ్లు. ఐరన్, కాల్షియం ఎక్కువగా పీల్చుకునే పేగు భాగాన్నే దాటించి కలిపారు. అది మళ్లీ అతుక్కోదు.

షాపులో అన్నిటికంటే ఎక్కువ తప్పు జరిగేది కాల్షియం దగ్గర. కౌంటర్‌లో అడిగితే దొరికేది కార్బోనేట్. అది కరగడానికి కడుపులో యాసిడ్ కావాలి, ఈ చిన్న సంచిలో యాసిడ్ తక్కువ, పైగా యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ వాడుతుంటారు. అందుకే సిట్రేట్ అడిగి తీసుకోవాలి. స్ట్రిప్ మీద కాల్షియం సిట్రేట్ 1000 మి.గ్రా. అని ఉంటే అందులో అసలు కాల్షియం 210 మి.గ్రా. మాత్రమే. ఎలిమెంటల్ కాల్షియం అని రాసిన అంకె చూసి, రోజుకు 1200 నుంచి 1500 వచ్చేలా లెక్క కట్టండి. ఒకేసారి 500 కంటే ఎక్కువ వేసినా ఒంటికి పట్టదు, మూడుసార్లుగా పంచాలి.

మిగతావి: మల్టీవిటమిన్ రోజూ (జింకు, కాపర్ 2 మి.గ్రా. ఉన్నది), బి12 రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాములు గోలీ లేదా నెలకోసారి 1000 మైక్రోగ్రాముల సూది, విటమిన్ డి రోజుకు 3000 యూనిట్లు, బి1 కనీసం 12 మి.గ్రా., 50 అయితే ఇంకా మంచిది, ఐరన్ నెలసరి ఉన్న ఆడవాళ్లకు 45 నుంచి 60 మి.గ్రా. విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి వారానికోసారి రాస్తారు, అది లోపాన్ని పూడ్చడానికి. దాన్ని రోజూ వేసుకోకూడదు. ఆశా కార్యకర్త దగ్గర దొరికే ఎర్ర ఐరన్ గోలీలో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, చేతిలో డబ్బులు లేని నెల అదైనా ఆపకుండా వాడండి.

టైముల పట్టిక గోడకు అంటించండి. పొద్దున 6కి థైరాయిడ్ గోలీ ఒక్కటే. 10:30కి కాల్షియం. మధ్యాహ్నం ఒంటిగంటకు తిండితో మల్టీవిటమిన్, బి12. సాయంత్రం 4కి కాల్షియం, 7కి కాల్షియం. రాత్రి 10కి ఐరన్, కాసిన్ని నిమ్మకాయ నీళ్లతో. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటలు, థైరాయిడ్‌కూ ఈ రెండింటికీ మధ్య నాలుగు గంటలు ఉండాలి. చాయ్‌తో ఐరన్ వేసుకుంటే వేసుకోనట్టే.

పిత్తాశయం ఉంచి ఉంటే అర్సోడీఆక్సికోలిక్ యాసిడ్ 300 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఆరు నెలలు రాస్తారు. ఖరీదైన మందని రెండో నెలలో ఆపేస్తుంటారు. బరువు వేగంగా తగ్గేటప్పుడే పిత్తంలో రాళ్లు పడతాయి, ఆరు నెలలూ వాడించండి.

పరీక్షలు మూడు, ఆరు, పన్నెండు నెలలకు, తర్వాత ఏడాదికోసారి: సీబీపీ, ఫెర్రిటిన్ (ఐరన్ నిల్వ), బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పీటీహెచ్ (ఎముకల్లోంచి కాల్షియం లాగే హార్మోన్), అల్బుమిన్, లివర్, క్రియాటినిన్, హెచ్‌బీఏ1సీ, కొవ్వులు, టీఎస్‌హెచ్. ఏడాది తర్వాత జింకు, కాపర్ కూడా. హిమోగ్లోబిన్ ఒక్కటి చూసి బాగుందనుకోవద్దు, ముందు తగ్గేది ఫెర్రిటిన్. అలాగే రక్తంలో కాల్షియం చివరిదాకా మామూలుగానే కనిపిస్తుంది, ఎముకల్లోంచి తీసుకుని సరిపెడుతుంది కాబట్టి. పీటీహెచ్ పెరిగిందంటే ఎముక కరుగుతోందని అర్థం. సీబీపీ, షుగర్, క్రియాటినిన్, థైరాయిడ్ లాంటివి సర్కారు దవాఖాన నుంచి తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు ఉచితంగా పంపించుకోవచ్చు, మిగతావే బయట చేయించండి.


పరకాల నుంచి ఒకరు

మా బావకు స్లీవ్ అయింది, పేగు ముట్టుకోలేదు. ఈ విటమిన్ల లెక్క ఆయనకు కూడా వర్తిస్తదా?


జవాబు: జనరల్ ఫిజీషియన్, వరంగల్

వర్తిస్తుంది. స్లీవ్‌లో కడుపులో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. బి12 పీల్చుకోవడానికి కావాల్సిన పదార్థాన్ని తయారుచేసే భాగం కూడా అందులో పోతుంది. కాలేయంలో నిల్వ ఉండటం వల్ల లోపం ఒకటి రెండేళ్లకు గానీ తెలియదు. మగవారికి ఐరన్ 18 మి.గ్రా. చాలు, అది మల్టీవిటమిన్‌లోనే ఉంటుంది. మిగతా మోతాదులు దాదాపు అవే. స్లీవ్‌లో అదనంగా చూడాల్సింది గుండెమంట, పుల్లటి తేన్పులు. మంట లేకపోయినా ఆపరేషన్ అయిన ఏడాదికి ఒక ఎండోస్కోపీ, తర్వాత రెండు మూడేళ్లకోసారి చేయించమని అంతర్జాతీయ బేరియాట్రిక్ సర్జన్ల సమాఖ్య సూచన. యాసిడ్ పైకి తన్ని అన్నవాహిక పొర మారిపోతుంటే బాధ లేకుండానే మారుతుంది.


జవాబు: గైనిక్ ఓపీ సిస్టర్, హన్మకొండ

36 ఏళ్లు అన్నారు కాబట్టి ఇది వదినకు, ముఖ్యంగా మీ అన్నకు చదివి వినిపించండి. బరువు తగ్గేకొద్దీ నెలసరి సరి అవుతుంది, ఇన్నేళ్లు గర్భం రానివాళ్లకు కూడా వస్తుంది. కానీ 12 నుంచి 18 నెలల దాకా రాకూడదు, ఆమె ఒంట్లోకే సరిపడా పోషణ లేని రోజులవి. బైపాస్ తర్వాత మాలా-ఎన్ లాంటి నోటి గోలీలు సరిగా ఒంటికి పట్టవు, వాటిని నమ్ముకోవద్దు. కాపర్-టీ మేలు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ముందే అయి ఉంటే ఈ చింత లేదు.

తర్వాతెప్పుడైనా గర్భం వస్తే, పీహెచ్‌సీలో 75 గ్రాముల గ్లూకోజు తాగించి షుగర్ పరీక్ష చేస్తారు. బైపాస్ అయిన మనిషికి అది తాగిస్తే డంపింగ్ వస్తుంది, రిపోర్టు కూడా తప్పుగా వస్తుంది. దానికి బదులు 24 నుంచి 28 వారాల మధ్య ఒక వారం పాటు ఇంట్లో గ్లూకోమీటర్‌తో పరగడుపున, తిన్న తర్వాత చూసి రాసుకుంటే సరిపోతుంది. ఏఎన్‌ఎంకు ముందే చెప్పి పెట్టాలి.

జుట్టు రాలడం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మూడో నెలలో మొదలవుతుంది, దువ్వెన నిండా వస్తుంది, ఆడవాళ్లు బాగా బెంగపడతారు. బరువు వేగంగా తగ్గినందుకు వచ్చేది ఇది, ఆరు నుంచి తొమ్మిది నెలల్లో ఆగి మళ్లీ మొలుస్తుంది. ప్రొటీన్ 60 గ్రాములు చేరకుండా బయోటిన్ గోలీలు ఎన్ని మింగినా లాభం లేదు. ఏడాది దాటినా రాలుతుంటే ఫెర్రిటిన్, జింకు చూపించండి.

బరువు మూడు నాలుగు వారాల తర్వాత కొన్నాళ్లు కదలకుండా ఆగుతుంది, కంగారు పడి తిండి తగ్గించకూడదు. బైపాస్‌లో ఏడాది, ఏడాదిన్నరలో మొత్తం బరువులో సగటున 30 శాతం దాకా తగ్గుతారు. ఈమె లెక్కలో 112 నుంచి 78, 80 దగ్గరికి. ఆ తర్వాత రెండు మూడు కిలోలు పెరగడం సహజం. మనసు దిగులుగా ఉంటే, తినలేకపోతున్నానని ఏడుస్తుంటే దాన్ని కూడా రివ్యూలో చెప్పండి, అది కూడా చెకప్‌లో భాగమే. దావత్‌లలో కల్లు గానీ మందు గానీ ముట్టొద్దని చెప్పండి. బైపాస్ తర్వాత కొద్దిగా తాగినా నిమిషాల్లో తలకెక్కుతుంది, ఆలస్యంగా దిగుతుంది, తాగుడు అలవాటయ్యే ప్రమాదం కూడా పెరుగుతుంది.


నర్సంపేట మరిది

అందరికి దండాలు. బీపీ గోలీ సంగతి రేపు పొద్దుగాలనే అడుగుత. సిస్టర్ గారూ, పేగుల మధ్య సందులు మూసిన్రా లేదా అని కాగితంల చూడుమన్నరు. అది ఎందుకు?


జవాబు: సర్జరీ వార్డు సిస్టర్, హన్మకొండ

పేగును కోసి వేరే చోట కలిపినప్పుడు వెనక చిన్న సందులు ఏర్పడతాయి. లోపలి కొవ్వు కరిగేకొద్దీ ఆ సందులు వెడల్పవుతాయి. అందులోంచి పేగు దూరి మెలిక పడొచ్చు. ఆరు నెలలకు రావొచ్చు, ఐదేళ్లకు రావొచ్చు, గర్భంతో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. మూసినా అప్పుడప్పుడు తెరుచుకుంటాయి, మూయకపోతే అవకాశం ఎక్కువ.

నొప్పి బొడ్డు చుట్టూ లేదా ఎడమవైపు పైన మెలిపెట్టినట్టు వస్తుంది, తిన్నాక ఎక్కువ, కొన్నిసార్లు వీపులోకి పాకుతుంది. వచ్చి పోతూ ఉంటుంది, అందుకే గ్యాస్ అనుకుని సోడా తాగి ఊరుకుంటారు. ఎక్స్‌రే, స్కానింగ్ మామూలుగా రావొచ్చు. సీటీ స్కాన్ చేయించాలి, అది కూడా బాగుందని వచ్చి నొప్పి మాత్రం తగ్గకపోతే కెమెరా పెట్టి లోపల చూడాల్సిందే. ఆ నిర్ణయం బైపాస్ తెలిసిన సర్జన్ తీసుకోవాలి, కాబట్టి వరంగల్‌లో ఎక్కడ చేర్చినా హైదరాబాద్ సర్జన్‌ను అక్కడి డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడించండి. పేగుకు రక్తం ఆగితే చేతిలో ఉండేది గంటలే.

ఒక చిన్న అట్టముక్క మీద ఇవి తెలుగులో ఒకవైపు, ఇంగ్లిష్‌లో ఒకవైపు రాసి వదిన ఫోన్ కవర్ వెనక పెట్టండి. ఊర్లో ఆర్‌ఎంపీకి ఒక కాపీ ఇవ్వండి:

రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది. ఆపరేషన్ తేదీ, సర్జన్ ఫోన్ నంబరు. డైక్లోఫెనాక్ జాతి మందులు గోలీగా గానీ సూదిగా గానీ వద్దు. గ్లూకోజు ఎక్కించే ముందు బి1 ఇవ్వాలి. ముక్కు గొట్టం గుడ్డిగా వేయొద్దు, కుట్లు చిరుగుతాయి. పాత కడుపు లోపలే ఉంది, మామూలు ఎండోస్కోపీ అక్కడిదాకా పోదు. 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష వద్దు. మెలిపెట్టే కడుపునొప్పికి సీటీ, సర్జన్‌కు ఫోన్.